ఇద్దరికీ ఒకటే బోటు

మార్చి 2

బావమరిదికి ఆశీస్సులు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానేమిటా అని కంగారు పడకు. కిందటిసారి ఇంజిన్ ఆయిల్ గురించి మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుని, ఏడాదిపాటు పలకరింపులు మానేశాం కదా. ఈసారి బోటు సంగతి. ఫోన్లో మాట్లాడుకుంటే ఈ జన్మకి ఇంక పలకరింపులు ఉండవని మీ అక్క భయం. "ఏం చెప్పాలన్నా కాగితం మీద పెట్టండి, నేను చదివాకే కవర్లో పెట్టండి" అని ఆర్డరు వేసింది. ఇది నాలుగో కాపీ. మొదటి మూడింటిలోనూ నిన్ను మరీ ఎక్కువ పొగిడానని చింపేసింది.

అసలు విషయానికొస్తాను. మన పాత బోటు పోయింది. పంతొమ్మిదేళ్ళు చాకిరీ చేసి, మొన్న మంగళవారం పొద్దున్న రిజర్వాయరు నడిమధ్యన ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మెకానిక్ మూత తీసి చూశాడు. మళ్ళీ మూసేసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంక అడగడానికేం మిగిలింది?

కొత్తది కొనాలి, అదీ ఒక్కటే కొనాలి. ఈ నీళ్ళు ఊరంతా తాగుతారు కాబట్టి ఒక్క మోటారు బోటుకి మించి నీళ్ళ ఆఫీసు వాళ్ళు పర్మిట్ ఇవ్వరు. నువ్వు బోట్ల యార్డులో ఫోర్‌మన్‌వి కనుక నిన్ను అడుగుతున్నాను. నాకు కావలసింది వాటర్ స్కీయింగ్ బోటు. గంటకి యాభై అయిదు కిలోమీటర్ల వేగంతో పోతున్నా దాని వెనక నీళ్ళు ఇస్త్రీ చేసినట్టు ఉండాలి. నేను కాళ్ళకి స్కీ పలకలు తొడుక్కుని, తాడు పట్టుకుని అటూ ఇటూ నీళ్ళు కోసుకుంటూ పోతుంటే అల అనేది కాళ్ళకి తగలకూడదు. అంతే, ఇంకేమీ వద్దు.

మన అమ్మాయి, మీ ముద్దుల మేనకోడలు ఆడే ఆట దీనికి సరిగ్గా ఎదురు. ఒకప్పుడు నా దగ్గర స్కీయింగ్ నేర్చుకున్నవాళ్ళలో దాన్ని మించినవాళ్ళు లేరు. నాలుగేళ్ళ కిందట స్కీలు వదిలేసి వేక్‌బోర్డ్ పట్టుకుంది. రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకుని, పక్కకి తిరిగి నిలబడుతుంది. బోటు నెమ్మదిగా పోవాలి, వెనక నడుమెత్తు అల లేవాలి, దాని మీదనుంచి ఎగిరి గాలిలో గింగిరాలు తిరగాలి. ఎక్కడికి పోతున్నావో అటు చూడకుండా పోవడం ఏం ఆట? పోయిన ఆగస్టులో ఈ మాటే అన్నాను. ఆ రోజు నుంచీ మా మధ్య మాటల్లేవు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా మీ అక్క చేత అడిగించుకుంటున్నాం.

ఇప్పుడు ఇంకో ఊళ్ళో పెద్ద స్కూలు వాళ్ళు దాన్ని టీచరుగా రమ్మన్నారు. అక్కడ అచ్చంగా అలల కోసమే కట్టిన బోటు ఉందట. ఏప్రిల్ ఇరవై లోపల జవాబు రాయాలి. వెళ్తే వెళ్ళనీ, నేనేమీ అనుకోను. షెడ్డులో దాని సామాను తగిలించే మేకు ఖాళీ అయితే నా టోపీ పెట్టుకుంటాను.

మీ అక్క మాత్రం రెండు ఆటలకీ పనికొచ్చే బోటు కావాలని చెవిలో పోరుతోంది. తేకపోతే డ్రైవరు సీట్లో కూర్చోదట. ఇరవై ఆరేళ్ళుగా నా బోటు నడిపేది తనే కాబట్టి ఉత్త బెదిరింపని కొట్టిపారెయ్యలేను. అందుకని, అలాంటి బోటు లోకంలో లేదని ఒక్క ముక్క రాసి పంపు.

ఇట్లు
నీ మేలు కోరే బావ

---

మార్చి 8

బావగారికి నమస్కారాలు. అక్కయ్యకీ అమ్మాయికీ కుశలం అడిగానని చెప్పండి.

ఒక్క ముక్క రాయమన్నారు, రాస్తున్నాను. ఉంది.

స్కీయింగ్ బోటు అడుగు చదునుగా, తేలిగ్గా ఉంటుంది. వేక్‌బోర్డ్ బోటు లోతుగా, బరువుగా ఉంటుంది. ఈ రెంటికీ మధ్యరకం ఒకటి మా యార్డులో ఉంది. ఉత్తప్పుడు దాని అల చిన్నదే. వెనక రెండు మూలల్లోనూ పెద్ద రబ్బరు సంచులున్నాయి. వాటిని నీళ్ళతో నింపితే వెనక భాగం కిందకి దిగి అల లేస్తుంది, ఖాళీ చేస్తే మళ్ళీ చదును. మీ తాడు మధ్యలో ఉన్న పొట్టి స్తంభానికి కట్టుకోండి, అమ్మాయి తాడు తలపైన ఉండే కమ్మీకి. మీ పాత బోటంత చదును రాదు. ఆ స్కూలు బోటంత అల కూడా రాదు. చెరి కాస్తా వదులుకోవాలి.

వదులుకోవడం అనే మాట మీ దగ్గర ఎత్తకూడదని నాకు తెలుసు. మీ పాత బోటు ఆయుష్షు తీరి పోలేదు బావా, మీ మొండితనానికి విసుగెత్తి పోయింది. మార్కెట్లో వంద రకాల ఆయిల్ వచ్చినా మొదటి రోజు పోసిందే పోస్తానని భీష్మించుకున్న మనిషి మీరు. కాగితం తిప్పి, వెనక ఉన్న ముక్క చదివి మళ్ళీ ఇటు రండి.

ఇంకో సంగతి. నేనేమీ అనుకోను అని రాశారు. ఏమీ అనుకోని మనిషి మేకు సంగతి రాయడు. ఆ పిల్ల వెళ్ళిపోతుందని దిగులుగా ఉంటే ఆ మాట దానితోనే అనండి. నాకు రాసి లాభం ఏముంది?

సరేనంటే బోటుని లారీ మీద ట్రయల్‌కి పంపిస్తాను. నెల రోజులు ఉంచుకోండి.

మీ ఆయిల్ వాడని
బావమరిది

---

మార్చి 13

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నడిమధ్యన అగ్గిపెట్టె కన్నా పెద్ద కన్నం ఉంది. రాసింది నచ్చకపోతే కొట్టెయ్యాలి గానీ కోసేస్తారా? మీ యార్డులో కాగితాలకి కూడా కిటికీలు పెడుతున్నారా? "మీ పాత బోటు ఆయుష్షు తీరి" వరకు ఉంది, ఆ తర్వాత కన్నంలోంచి నా బల్ల కనబడుతోంది. ఏమైనా, ఒక పాత బోటు మీద నువ్వింత సానుభూతి చూపిస్తావనుకోలేదు. మనసుకి హత్తుకుంది.

ట్రయల్‌కి పంపు. మీ అక్క మొహం చూసి ఒప్పుకుంటున్నాను తప్ప, నేను వదులుకునేది మాత్రం ఏమీ లేదు.

నిన్న మీ మేనకోడలు లారీ రావడానికి వీలుగా రేవులో పిచ్చిమొక్కలన్నీ పీకేసింది. పీకుతూ పీకుతూ, షెడ్డు గోడతో అంటున్నట్టుగా "బోటు ఎప్పుడొస్తుందో" అంది. "వచ్చే వారం" అని నేనూ గోడకే చెప్పాను.

ఇట్లు
బావ

---

మార్చి 19

బావగారికి నమస్కారాలు.

బోటు పంపిస్తున్నాను. నా ఉత్తరానికి నేను కన్నం పెట్టలేదు. ఇక్కడి పోస్టాఫీసులో ఎలుకలున్నాయని అందరూ చెప్పుకుంటారు. అందుకే ఈ ఉత్తరం లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఇంట్లో ఎవరు ఎదురొస్తే వాళ్ళ చేతిలో పెట్టమన్నాను.

బోటు ముస్తాబు చూస్తే మీకు నచ్చుతుంది. సీట్లు కొత్తగా కుట్టించాను. అద్దం పెద్దది వేయించాను, అక్కయ్యకి వెనక తాడు పట్టుకున్న మనిషి బాగా కనబడాలని.

ఒక్కటే నా భయం. మీరు స్విచ్ మీద ఏం రాసుందో చదివి నొక్కే మనిషి కాదు, నొక్కి చూసే మనిషి. వాషింగ్ మెషీన్ కొన్న రోజున ఇల్లంతా మోకాలి లోతు నురుగు చేసి, తప్పంతా సబ్బుదేనని వాదించిన ఘనులు. కాబట్టి కాగితం తిప్పి, వెనక రాసింది చదివేదాకా తాళం ముట్టుకోకండి.

తాళం తిప్పగానే పంపు దానంతట అదే మొదలై సంచులు నింపుతుంది. ఇది నా సొంత బుర్రతో చేసిన ఏర్పాటు. మీరు స్కీ ఎక్కేముందు డ్రైవరు సీటు కింద ఉన్న ఎర్ర స్విచ్ ఆపెయ్యాలి. నల్ల స్విచ్ సంచులు ఖాళీ చేస్తుంది. అమ్మాయి బోర్డు ఎక్కేముందు దాని జోలికి వెళ్ళకండి.

ఎలా ఉందో వెంటనే రాయండి. నా చేత్తో బిగించిన బోటు కాబట్టి పొగడ్తలన్నీ విడివిడిగా రాసినా చదువుకుంటాను.

పొగడ్తల కోసం ఎదురుచూస్తూ
బావమరిది

---

మార్చి 26

బావమరిదికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

శనివారం పొద్దున్న బోటు నీళ్ళలో దించాం. మీ అక్క నడిపింది. వెనక్కి తిరిగి కూర్చుని తాడు పట్టుకున్న మనిషిని కనిపెట్టి ఉండేది ఎప్పట్లాగే మన ఊరి టైలరు. నేను వెనక, తాడు పట్టుకుని, స్కీ మీద. మొదటి చుట్టు అద్భుతం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నీ గురించి మనసులో ఒక మంచి మాట అనుకున్నాను, దానికి ఇప్పుడు చింతిస్తున్నాను. రెండో చుట్టులో కాళ్ళ కింద ఏదో తగిలింది. వయసు మీద పడుతోందనుకున్నాను. మూడో చుట్టులో అడ్డంగా కోసుకుంటూ వస్తే ఎదురుగా నీళ్ళ గోడ లేచి ఉంది.

టైలరు చెప్పినదాన్ని బట్టి నేను గాలిలో ఒక చుట్టు పూర్తిగా తిరిగాను. ఒడ్డున నిలబడ్డ మీ మేనకోడలు నోరెళ్ళబెట్టిందట. అది నేర్చుకోవడానికి దానికి రెండేళ్ళు పట్టిందట. నేను కిందపడ్డ తీరు గురించి టైలరు పెదవి విప్పడం లేదు. నా నడుము మాత్రం ఇంకా చెబుతూనే ఉంది.

సంచులు నింపమని నేను ఎవరికీ చెప్పలేదు. వాటంతట అవే నిండాయంటే ఇది నువ్వూ నీ మేనకోడలూ కలిసి పన్నిన పన్నాగం కాక ఏమిటి?

మధ్యాహ్నం దాని వంతు వచ్చింది. ఆ అల ఎక్కడిదో కనిపెడదామని అప్పటికి నేను సీటు కింద ఉన్న స్విచ్చులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఏదో గుడగుడమంది, వెనకనుంచి నీళ్ళు కారడం మొదలైంది. నాకేం తెలుసు? అది బోర్డు కట్టుకుని ఎక్కేసరికి వెనక నీళ్ళు ఇస్త్రీ చేసినట్టున్నాయి. మూడు చుట్లు తిరిగి, ఒక్కసారీ ఎగరలేక, ఒడ్డుకొచ్చి బోర్డు విప్పేసింది. "మావయ్య కూడా నాన్న పక్షమే" అని మీ అక్కతో అంది. ఆ స్కూలుకి వస్తున్నానని రాసేస్తుందట.

నాకు ఒళ్ళు మండి ఎడమవైపు సంచిని ఊడబీకి రేవు మీద ఈడ్చుకొచ్చాను. చెక్కకున్న మేకు పట్టుకుని బారెడు చిరిగింది. నీ ఉత్తరానికి ఈసారి కూడా కన్నం ఉంది, పోయినసారి కంటే పెద్దది. లారీలో కూడా ఎలుకలు ఎక్కాయా? బోటు వెనక్కి తీసుకుపో. స్కీయింగ్ బోటు పంపు.

ఇట్లు
నడుముకి బెల్టు పెట్టుకున్న బావ

---

మార్చి 31

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు వచ్చింది, రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి చదివితే నాకు విషయం అర్థమైంది.

బావా, ఎలుకలు స్కేలు పెట్టి కొరకవు. నా ఉత్తరంలో మిమ్మల్ని ఆటపట్టించిన చోటే కన్నం పడుతోంది. ఆ వాక్యాలకి సరిగ్గా వెనకే స్విచ్చుల సంగతి రాశాను. మీ ఇంట్లో కత్తెర ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.

ఈసారి కాగితానికి ఒకవైపే రాస్తున్నాను. మీ మీద ఒక్క మాట కూడా లేదు, కాబట్టి కత్తిరించడానికి వీల్లేదు. ఎర్ర స్విచ్ పంపుది. మీరు స్కీ ఎక్కేముందు ఆపాలి. నల్ల స్విచ్ సంచులు ఖాళీ చేసేది. అమ్మాయి ఎక్కేముందు ముట్టుకోకూడదు. ఇంతే. అరవై ఏళ్ళ మనిషిని గాలిలో తిప్పాలని నేనెందుకు అనుకుంటాను?

మొదటి ఉత్తరంలో కూడా వెనకవైపు ఒక ముక్క రాశాను. అది స్విచ్చుల కన్నా ముఖ్యం. ఎక్కడైనా దొరికితే చదవండి. వేరే బోటు పంపను. ఇంకొక్కసారి తిప్పి చూసి, అప్పుడు తిట్టండి.

అమ్మాయిని ఇరవయ్యో తారీకు దాకా ఆగమన్నానని చెప్పండి. గోడకి చెప్పినా ఫరవాలేదు.

నవ్వు ఆపుకుంటూ
బావమరిది

---

ఏప్రిల్ 8

(బావగారి ఉత్తరంతోపాటు మడిచి పెట్టిన చీటీ)

తమ్ముడూ, కత్తిరించింది నేనేరా. ఒక్క తిట్టు ఆయన కంట పడితే మళ్ళీ ఏడాది మీ ఇద్దరి మధ్యా రాయబారాలు నావల్ల కాదు. నీటుగా ఉండాలని టైలరు దగ్గర కత్తెర తెచ్చి, గీత గీసి మరీ కోశాను. తిట్టు కనబడగానే కోసేశాను గానీ, పక్కనే కాగితం తిప్పమని ఉందని చూశానా? నువ్వు వెనక కూడా రాస్తావని నాకేం తెలుసు? ఈయన ఎప్పుడూ ఒకవైపే రాస్తారు. ఆ ముక్కలు పారెయ్యలేదు, బొత్తాల డబ్బాలో ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చాక అన్నీ తిప్పి చూశాను. మొదటిదాని వెనకున్నది చదివి ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు. తర్వాత ముందువైపు తిప్పి ఆయిల్ సంగతి కూడా చదివారు. అది మాత్రం నేను ఆపలేకపోయాను. – అక్క

బావమరిదికి ఆశీస్సులు.

ఆయిల్ సంగతి మనం తర్వాత చూసుకుందాం.

ఆదివారం మళ్ళీ తిప్పాం. ఎర్ర స్విచ్ ఆపి, ముందు నేను స్కీ చేశాను. నీళ్ళు పాత బోటంత చదునుగా లేవు. అయినా తీసిపారెయ్యడానికి లేదు. నువ్వు రెండోసారి అడిగితే బాగుందని ఒప్పుకుంటాను.

తర్వాత అమ్మాయి. కుడివైపు సంచి నింపాం. ఎడమవైపుది నేను చింపేశాను కదా, బోటు ఒకవైపుకి ఒరిగి అల వంకరగా లేచింది. నిండు సంచి వంద కిలోలని నువ్వే చెప్పావట మీ అక్కకి. టైలరుని ఎడమవైపు కూర్చోబెడితే యాభై రెండు కిలోలకి బోటు చెవిన కూడా పెట్టలేదు. మీ అక్క ఇంజిన్ ఆపి, రేవు మీద నిలబడ్డ నన్ను ఎగాదిగా చూసింది. "మీరెంతున్నారు?" అంది. తొంభై ఆరు అన్నాను. "ఎక్కండి" అంది. మిగతా నాలుగు కిలోలకి పనిముట్ల పెట్టె నా ఒళ్ళో పెట్టింది.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నాలుగేళ్ళలో నేను దాని ఆట ఒక్కసారి కూడా చూడలేదు. అది బోర్డు కట్టుకుంటున్నప్పుడే నేను షెడ్డులోకి పోయి ఏదో ఒకటి తుడుచుకుంటూ కూర్చుంటాను. బోటు వెనక మూల సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో పనిముట్ల పెట్టె పెట్టుకుని కూర్చున్నవాడికి చూడ్డానికి ఇంకేమీ ఉండదు, తాడు చివర ఉన్న మనిషి తప్ప.

బావమరిదీ, అది ఎంత బాగా ఆడుతుందో నాకెవరూ చెప్పలేదేమిటి? అల దగ్గరకి రావడం, మోకాళ్ళు వంచడం, సరిగ్గా అల అంచున కాళ్ళు చాచడం, అన్నీ నేను స్కీ మీద నేర్పినవే. పన్నెండేళ్ళప్పుడు ఏ తప్పు చేసేదో, ఎడమ భుజం వదిలేసేదే, ఇప్పటికీ అదే చేస్తోంది. దానివల్లే పడింది. నేను పనిముట్ల పెట్టె మీద గుద్దుతూ "భుజం! భుజం!" అని అరిచాను. బోటు వెనక్కి తిప్పాం. అది నీళ్ళలో తేలుతూ నావైపు చూసింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నాతోనే అంది. "నాన్నా, ఇంకోసారి."

ఇంకోసారి కాదు, పదకొండుసార్లు. పదకొండోసారికి భుజం నిలబెట్టింది. గాలిలో దాన్ని చూసి, ఒళ్ళో ఉన్న పెట్టె సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాను.

రేవులో దిగాక, నువ్వు రాసిన మాట దానితో అనేశాను. "నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదమ్మా. వెళ్తే నాకు అన్నం సయించదు. అయినా వెళ్ళాలనుంటే వెళ్ళు" అన్నాను. "ఈ ముక్క ఎనిమిది నెలల్లో అమ్మ చేత అయినా చెప్పించొచ్చుగా నాన్నా!" అని ఏడుస్తూ నవ్వింది. ఇరవయ్యో తారీకు దాకా ఆలోచించుకుంటానంది. నేను మళ్ళీ అడగలేదు. అడగాలని నాలుక మీదకి వచ్చినప్పుడల్లా వెళ్ళి ఏదో ఒకటి తుడుస్తున్నాను. షెడ్డు మెరిసిపోతోంది.

ఇట్లు
తొంభై ఆరు కిలోల బావ

---

ఏప్రిల్ 13

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం యార్డులో చదివాను, తప్పు చేశాను. వెల్డరు వచ్చి ఏమైందని అడిగాడు. కంట్లో నలుసు పడిందన్నాను. కళ్ళద్దాలు ఉండగా నలుసు ఎలా పడిందని అడిగాడు.

బోటు బాగుందా? ఇది రెండోసారి అడగడం.

అమ్మాయి జవాబు ఏదైనా బోటు మాత్రం ఉంచుకోండి. వెళ్ళినా సెలవులకి వస్తుందిగా. నీళ్ళ ఆఫీసులో చూపించే కాగితాలు ఇందులో పెట్టాను. సంచుల జత కొత్తది సిద్ధం చేశాను, ఈసారి మేకులకి కూడా చిరగనంత మందం. వారంలో పంపిస్తాను. అవి వచ్చాక మీరు ఆ మూల సీట్లో పనిముట్ల పెట్టె మోస్తూ కూర్చోనక్కర్లేదు. మీ నడుముకి అసలే బాగాలేదు. హాయిగా ఒడ్డున కుర్చీ వేసుకోండి.

అక్కయ్యకి ఒక మాట. ఈ ఉత్తరంలో తిట్లు లేవు, వెతుక్కోవద్దు.

బావమరిది

---

ఏప్రిల్ 18

బావమరిదికి ఆశీస్సులు.

బాగుంది. అడిగావు కనుక చెబుతున్నాను.

బోటు ఉంచుకుంటున్నాం. కాగితాలు నీళ్ళ ఆఫీసులో ఇచ్చేశాను. ఏ ఆటకి అని గుమాస్తా అడిగితే రెండూ అని రాయించాను. ఒకటే గడి ఉందండీ అన్నాడు. చిన్న అక్షరాలతో రాయమన్నాను.

నిన్న సాయంత్రం అమ్మాయి ఆ స్కూలు వాళ్ళకి జవాబు రాసి, కవరు అంటించకుండా నా ముందు పెట్టింది. రావడం కుదరదని రాసింది. నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది. నేనన్న మాటకి లొంగి మంచి అవకాశం వదులుకుంటోందేమోనని. "నాకోసం ఆగకమ్మా, అక్కడ అల ఇంతకంటే పెద్దది" అన్నాను. "పెద్దదే నాన్నా, కానీ అక్కడ నేను పడితే భుజమని అరిచేవాళ్ళు లేరు" అని, కవరు తనే అంటించి తీసుకుపోయి పోస్టులో వేసి వచ్చింది.

రేపటినుంచి ఇక్కడే పిల్లలకి బోర్డు నేర్పుతుంది. పొద్దున్న నేను స్కీ నేర్పేది అయ్యాక బోటు దానిది. మీ అక్క ఇద్దరికీ నడుపుతుంది. టైలరు జీవితంలో మొదటిసారి ఒడ్డున కుర్చీ వేసుకుంటాడు.

సంచుల జత సిద్ధం చేశానన్నావు. కుడివైపుది మాత్రం పంపు. ఎడమవైపు సంచి పంపొద్దు. అక్కడ నేను కూర్చుంటున్నాను.

ఇట్లు
మీ బావ